టెంప్లర్ల చరిత్ర రాయబోతున్న సుజాతకు

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

మధ్యయుగపు ఐర్లండ్‌లోని టెంప్లర్లు, హాస్పిటలర్లు అనే క్రైస్తవ యోధ సన్యాసుల సంఘాల మీద పరిశోధనకు నువ్వు డబ్లిన్ వెళుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఛాతీ ఉప్పొంగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఐరోపా చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని కదా, ఆ దారిలో ఎక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు.

లాటిన్ గట్టిపడేవరకు విమానం ఎక్కకు. మంచి వాన కోటు కొనుక్కో. టెంప్లర్ల గుప్తనిధుల కథలు చెప్పేవాళ్లు తగిలితే నమస్కారం పెట్టి తప్పుకో. ఐర్లండ్‌లో వాళ్లు ప్రధానంగా సేద్యం చేయించిన భూస్వాములు. డబ్లిన్ దగ్గరి క్లాంటార్ఫ్ వంటి మఠాల రాబడి పవిత్రభూమిలో, అంటే జెరూసలేం ప్రాంతంలో, జరిగే యుద్ధాలకు ఆసరా. 1308 ఫిబ్రవరిలో మతద్రోహం నేరం మోపి వాళ్లను అరెస్టు చేశాక రాజోద్యోగులు రాసిన ఆస్తుల జాబితాలు చదువు: నాగళ్లు, ఎద్దులు, ధాన్యం. పొలం గట్ల మీద పెరిగినదానివి, ఆ లెక్కలు నీతో మాట్లాడతాయి.

అసలు భయం ఇప్పుడు చెబుతాను. నాతో చదివిన ఒక మిత్రుడు, మా అందరికంటే తెలివైనవాడు, 1310లో డబ్లిన్‌లోని సెయింట్ పాట్రిక్ కెథెడ్రల్‌లో జరిగిన టెంప్లర్ల విచారణ మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. అందులో ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి సాక్ష్యం ఉంది. క్లాంటార్ఫ్‌లో పూజ జరుగుతుండగా పూజారి దివ్యసత్ప్రసాదాన్ని, అంటే క్రీస్తు శరీరంగా కొలిచే రొట్టెను, పైకెత్తితే, ఒక టెంప్లరు దాని వైపు చూడకుండా ముఖం నేలకు దించుకున్నాడట. మావాడు దాని మీద ఏకంగా ఒక అధ్యాయం కట్టేశాడు, టెంప్లర్లు మతద్రోహులేనని తేల్చాడు. పరీక్షకుడు ఒక్కటే అడిగాడు: "సాక్షి చూసింది వంచిన తలను. ఆ తలలో ఉన్నదాన్ని చూసిందెవరు?" మావాడి నోట మాట రాలేదు. తర్వాత చరిత్ర వదిలేసి వ్యాపారంలో చేరాడు. నేను బతిమాలినా మళ్లీ ఆ కాగితాలు ముట్టుకోలేదు.

వాడు అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. సాక్షుల్లో ఎక్కువమంది వేరే మఠాల సన్యాసులు. 1307 అక్టోబరులో ఫ్రాన్స్ రాజు నాలుగో ఫిలిప్ టెంప్లర్లను పట్టించాక పుకార్లు దేశదేశాలకూ పాకాయి. డబ్లిన్‌లో కొందరు చెప్పింది అనుమానమే తప్ప చూసింది కాదు. ఫ్రాన్స్‌లో చిత్రహింసలకు తాళలేక చాలామంది నేరం ఒప్పుకున్నారు, ఐర్లండ్‌లో ఆ మతద్రోహాన్ని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. 1312లో పోప్ ఐదో క్లెమెంట్ టెంప్లర్ల సంఘాన్ని రద్దు చేశాడే గానీ దోషి అని తీర్పు ఇవ్వలేదు. ఎవరు చూశారు, ఎవరు విన్నారు, ఎవరికి లాభం అన్న మూడు ప్రశ్నలూ ప్రతి సాక్ష్యం పక్కనా రాసుకో తల్లీ. చచ్చినవాళ్లు తిరిగి వచ్చి జవాబు చెప్పుకోలేరు.

లాభం అంటే గుర్తొచ్చింది. టెంప్లర్ల భూములు హాస్పిటలర్లకు దక్కాయి. 1174 ప్రాంతంలో ఆంగ్లో-నార్మన్ ప్రభువు స్ట్రాంగ్‌బో స్థాపించిన కిల్మైన్‌హామ్ మఠం వాళ్ల కేంద్రం. దాని అధిపతి రోజర్ అవుట్‌లా ఐర్లండ్‌కు ఛాన్సలర్‌గా కూడా పనిచేశాడు. సన్యాసి చేతిలో రాజముద్ర! నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం. టెంప్లర్ల మోజులో పడి హాస్పిటలర్లను చివరి అధ్యాయానికి నెట్టావో, ఊరుకోను.

ఇక కాగితాల సంగతి. 1922 జూన్ 30న ఐర్లండ్ అంతర్యుద్ధంలో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థాన భవనం పేలి, పక్కనే ఉన్న రికార్డుల భవనం కాలిపోయింది. శతాబ్దాల దస్తావేజులు బూడిదయ్యాయి. అడిగిన కాగితం దొరకలేదని గదిలో కూర్చుని ఏడవకు, నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. అంతకుముందు తీసిన నకళ్లు, అచ్చయిన సంగ్రహాలు వెతుకు. టెంప్లర్ల విచారణ రాతప్రతి ఇంగ్లండ్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. ఆ ప్రయాణానికి డబ్బు ఇప్పుడే పక్కన పెట్టు, తక్కువైతే మీ నాన్నకు చెప్పకుండా నాకు చెప్పు.

మొదటి అధ్యాయం ఎవరికీ ఇవ్వకముందు నాకు పంపు. పెద్ద అక్షరాల్లో పంపు, కళ్లు మునుపటిలా లేవు.

ఆశీస్సులతో,
పెదనాన్న