మీ బండి – మా జవాబు: పాత కారుకు కొత్త ఇంజిన్, ఆర్సీకి కొత్త చిక్కు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత కార్లు, జీపుల గురించే ఉన్నాయి. ఎవరి బండి వారిదే అయినా, అందరి అనుమానమూ ఒక్కటే: ఏ మేరకు మార్పులు చేయిస్తే, కాగితాల మీద ఉన్న బండికీ ఇంటి ముందున్న బండికీ పొంతన పోతుంది? అందుకే ఈ సంచికలో ఈ ఒక్క విషయానికే చోటిచ్చాము.

ప్రశ్న: మా నాన్నగారు 1968లో రిజిస్టర్ చేయించిన అంబాసిడర్ మార్క్-2 ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పెట్రోలు ఖర్చు భరించలేక ఆయన ఎనభైల చివర్లో దానికి డీజిల్ ఇంజిన్ వేయించారు. సి-బుక్కులో (ఆర్సీలో) మాత్రం పెట్రోలు అనే ఉంది. నిరుడు నేను తుప్పు పట్టిన ఫ్లోరు కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించాను. బాడీ అంతా టింకరింగ్ చేయించి రంగు వేయించాను. దీనిని వింటేజ్ కారుగా రిజిస్టర్ చేయించుకోవచ్చునా? మూడక్షరాల పాత నంబరు పోతుందా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: వయసు విషయంలో మీకు అడ్డంకి లేదు. వింటేజ్ వాహనాల కోసం 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో కొత్త నిబంధనలు చేర్చారు. వాటి ప్రకారం, మొదటిసారి రిజిస్టరైన తేదీ నుంచి 50 ఏళ్లు దాటి, సొంత అవసరానికే తప్ప కిరాయికి తిరగని కార్లు, ద్విచక్ర వాహనాలు వింటేజ్ కిందికి వస్తాయి. అయితే ఆ నిర్వచనానికి తోకలా ఒక షరతు ఉంది: బండి దాని అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో (బండిని మోసే అడుగు చట్రంలో) గాని, బాడీ షెల్‌లో (పై రేకు నిర్మాణంలో) గాని, ఇంజిన్‌లో గాని మార్పు చేసేంతటి భారీ మరమ్మతు జరిగి ఉండకూడదు. మీ కారు తట్టుకుని ఆగేది ఈ షరతు దగ్గరే.

ముందు ఫ్లోరు సంగతి చూద్దాము. అంబాసిడర్‌కు జీపులకున్నట్టు విడిగా ఛాసిస్ ఫ్రేము ఉండదు. దాని మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ లాగే, బాడీయే ఛాసిస్ పని కూడా చేస్తుంది. అందువల్ల ఫ్లోరు రేకు ముట్టుకున్నారంటే, నిబంధనలోని ఛాసిస్, బాడీ షెల్ అనే రెండు మాటలనూ ఒకేసారి ముట్టుకున్నట్టే. అయినా కుళ్లిన రేకు తీసి అదే మందం, అదే ఆకారం ఉన్న రేకు అతికించడాన్ని మార్పు అనడం సబబు కాదని నా అభిప్రాయం. అది మరమ్మతు. చిక్కేమిటంటే, ఎంత రేకు మారితే మరమ్మతు, ఎంత దాటితే మార్పు అన్న కొలత మన నిబంధనలో ఎక్కడా లేదు. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి పాటిస్తూ వచ్చిన ఎనిమిది పాయింట్ల పద్ధతిలో ఛాసిస్‌కు 5, సస్పెన్షన్‌కు 2, యాక్సిళ్లకు 2, ట్రాన్స్‌మిషన్‌కు 2, స్టీరింగ్‌కు 2, ఇంజిన్‌కు 1 చొప్పున లెక్కగట్టి, ఛాసిస్‌తో కలిపి 8 వస్తేనే పాత నంబరు నిలబెట్టేవారు. ఇంజిన్‌కు అక్కడ దక్కింది ఒక్క పాయింటే అన్నది గమనించండి. మన దగ్గర పాయింట్ల లెక్క లేదు. రాష్ట్ర స్థాయి కమిటీ బండిని కళ్లతో చూసి తేలుస్తుంది. కాబట్టి షెడ్డులో పని జరుగుతున్నప్పుడు తీసిన ఫొటోలు, రేకు బిల్లులు, వీలైతే కోసి తీసిన పాత ముక్క కూడా భద్రపరచండి. రంగు మారి ఉంటే దానిని కూడా ఆర్సీలో ఎక్కించుకోవాలి.

అసలు గండం డీజిల్ ఇంజిన్. అప్పట్లో అది ఇంటింటి కథే కావచ్చు, కాని ఈనాటి కమిటీ ముందు అది రెండు తప్పులుగా కనబడుతుంది: బండి అసలు రూపంలో లేదు, ఆర్సీలో ఉన్న ఇంధనం బండిలో లేదు. ప్రమాదం జరిగి క్లెయిము దాకా వెళ్లినప్పుడు బీమా కంపెనీ కూడా ఈ రెండో విషయాన్నే పట్టుకుంటుంది. ఆ కాలపు మార్క్-2కు వచ్చే 1,489 సీసీ పెట్రోలు ఇంజిన్ సంపాదించి బిగించడం ఒక్కటే మీకు నేను చెప్పగల దారి. అది మీ కారు మొదటి ఇంజిన్ కాదు గనుక నంబరు వేరుగా ఉంటుంది. ఇంజిన్ మార్పిడికి ముందుగానే రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకుని, ఆ పెట్రోలు ఇంజిన్ కొన్న రసీదు జతచేసి, కొత్త నంబరును ఆర్సీలో ఎక్కించుకున్న తరువాతే వింటేజ్ దరఖాస్తు జోలికి వెళ్లండి.

దరఖాస్తు ఫారం 20లో, కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైటు అయిన పరివాహన్ పోర్టల్ ద్వారా పెట్టాలి. పాత ఆర్సీ, బీమా పాలసీ జతచేయాలి. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు తీరాక మళ్లీ చేయించుకోవడానికి 5,000. సర్టిఫికెట్ 10 ఏళ్లు చెల్లుతుంది. అన్నీ సరిపోతే 60 రోజుల్లో ఇవ్వాలని నిబంధన. మీ నాన్నగారి నంబరు గురించి దిగులు పడనక్కరలేదు. ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరును అలాగే ఉంచుకోవచ్చు. ఏపీ-వీఏ-ఏఏ-0001 వంటి కొత్త వరుస నంబర్లు కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకు.

ఇంకొక చిన్న మాట. రంగు వేసేవారు ఉత్సాహంలో ఛాసిస్ నంబరు మీద కూడా రెండు మూడు పూతలు దట్టంగా వేసేస్తారు. నా సొంత స్కూటరు విషయంలో ఒకసారి బ్రేక్ ఇన్‌స్పెక్టరు పెన్సిల్ ప్రింటు తీయబోతే, కాగితం మీద నల్లటి మరక తప్ప ఒక్క అంకె కూడా పడలేదు. పనులు మానుకుని ఇంకో రోజు తిరగవలసి వచ్చింది. థిన్నరులో ముంచిన గుడ్డతో మెల్లగా తుడిచి ఆ పూత తీయించండి. గ్రైండరు గాని, ఎమ్రీ కాగితం గాని దగ్గరికి రానివ్వకండి. అంకెల చుట్టూ గీతలు కనబడితే, నంబరు దిద్దారన్న అనుమానం పుట్టడానికి అంతకన్నా ఏమీ అక్కరలేదు.

ప్రశ్న: నా దగ్గర 1978లో రిజిస్టరైన ప్రీమియర్ పద్మిని ఉంది. ఒరిజినల్ ఇంజిన్, ఒరిజినల్ బాడీ. పదిహేనేళ్లు దాటిన బండ్లన్నీ తుక్కుకు వేయాలని, వింటేజ్ చేయించుకుంటేనే బతుకుతాయని మిత్రులు భయపెడుతున్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: నిజం కాదు. పెట్రోలు బండికి 15 ఏళ్లు, డీజిల్‌కు 10 ఏళ్లు అన్న పరిమితి ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలకు సంబంధించిన వ్యవహారం. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పొడిగించరన్నది ప్రభుత్వ వాహనాలకు వర్తించే నిబంధన. ఈ రెండూ కలగాపులగమై మీ మిత్రుల నోట ఒకే వార్తగా మారాయి. తెలంగాణలో సొంత కారును 15 ఏళ్ల తరువాత కూడా, బండి పరీక్షలో నెగ్గితే, ఐదేళ్లకొకసారి ఫారం 25తో రెన్యువల్ చేయించుకుంటూ నడుపుకోవచ్చు. ఖర్చు మాత్రం పెరిగింది: 2025 ఆగస్టులో వచ్చిన సవరణతో, 20 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ రుసుము 10,000 రూపాయలు అయింది. గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం.

ఇక వింటేజ్ మాటకొస్తే, మీ పద్మినికి 50 ఏళ్లు నిండేది 2028లో. తయారైన సంవత్సరం కాదు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీయే లెక్క. అప్పుడైనా తొందరపడి దరఖాస్తు పెట్టకండి. వింటేజ్ సర్టిఫికెట్ ఉన్న బండి ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతుకు, వీటికి వచ్చిపోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. రోజువారీ వాడకం కుదరదు. ఆదివారం పూట మీరు ఆ కారులో భద్రకాళి గుడికి వెళ్లి, దారిలో కూరగాయలు కొనుక్కుని వచ్చేవారైతే, మామూలు రెన్యువలే మీకు సరైనది. అమ్మకం సంగతి కూడా కొందరు అడిగారు: వింటేజ్ బండిని అమ్ముకోవచ్చు, కాని అమ్మినవారు, కొన్నవారు 90 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి.

ప్రశ్న: పాత జీపు ఛాసిస్ ఒకటి తుక్కు దుకాణంలో కొని, దానిని కొంచెం పొడవు చేయించి, వేరే కంపెనీ టర్బో డీజిల్ ఇంజిన్, గేరుబాక్సు, పెద్ద టైర్లు వేయించాను. బాడీ మొత్తం స్థానికంగా కట్టించాను. ఇదే మోడల్ పాత జీపు ఆర్సీ, దాని ఛాసిస్ నంబరు ప్లేటు ఇప్పిస్తామని ఒకాయన అంటున్నాడు. తీసుకోవచ్చా? (ఒక పాఠకుడు, జంగారెడ్డిగూడెం)

జవాబు: ఆ ప్లేటు ముట్టుకోకండి. చచ్చిన బండి నంబరును ఇంకో బండికి తగిలించడం ఫోర్జరీ కేసుకు, దొంగబండి కేసుకు దారి తీస్తుంది. మీ మోజు సంగతి పోలీసులకు పట్టదు.

ఆ ప్లేటు లేకపోయినా మీ జీపుకు దారి కనబడడం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. బండి మౌలిక లక్షణం మారిపోయేలా దాని నిర్మాణాన్ని మార్చడమే ‘ఆల్టరేషన్’ అని ఆ సెక్షనే వివరిస్తుంది. ఛాసిస్ పొడవు పెంచడం కన్నా మౌలికమైన మార్పు ఇంకేముంటుంది? కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా, తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా చేసిన మార్పును రిజిస్టర్ చేయడం కుదరదని స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒక్కొక్క మార్పుకు అన్న మాట మరొకసారి చదివి, మీ జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి లెక్కపెట్టుకోండి.

ఇలాంటి బండ్లకు బ్రిటన్‌లో ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబరిచ్చి, విడిగా ఒక్క బండినే పరీక్షించే ఏర్పాటు చేశారు. మన దగ్గర కొత్త నమూనా రోడ్డెక్కాలంటే తయారీదారు దానిని పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో పరీక్షకు పెట్టి ఆమోదం తెచ్చుకోవాలి. షెడ్డులో కట్టుకున్న ఒక్క జీపుకు ఆ ఖర్చు ఎవరూ పెట్టుకోలేరు. నైపుణ్యమున్న మెకానిక్కుల చేతి పని ఈ పద్ధతిలో వృథా అవుతున్నదన్నది నాకూ బాధగానే ఉంది. పోనీ పొగాకు చేలో, పామాయిలు తోటలో సొంత దారులున్నాయి, అక్కడ తిప్పుకుందామన్నా చిక్కే. బహిరంగ ప్రదేశంలోనే కాదు, ఇంకే ప్రదేశంలోనూ రిజిస్ట్రేషన్ లేని బండిని నడపకూడదని అదే చట్టం 39వ సెక్షను అంటుంది.  హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టును చూసినవారు దాని నంబరు గురించి ఆలోచించి ఉండరు. కదలకుండా ప్రదర్శనలో నిలిచిన కారుకు ఆ గొడవ లేదు.

ప్రశ్న: 1964 ఫియట్ 1100లో ఇంజిన్ తీసేసి బ్యాటరీ, మోటారు వేయించాలనుకుంటున్నాను. వింటేజ్ హోదా ఉంటుందా? (ఒక పాఠకుడు, హైదరాబాదు)

జవాబు: ఉండదు. ఇంజిన్ తీసేసిన బండి అసలు రూపంలో ఉన్నట్టు కాదు. అలాగని ఆ మార్పిడి చట్టవిరుద్ధం కూడా కాదు. బ్యాటరీ, సీఎన్‌జీ, ఎల్‌పీజీ వంటి వేరే ఇంధనానికి మార్చడాన్ని 52వ సెక్షనే షరతులతో అనుమతిస్తుంది. మీరు కొనే కిట్‌కు పరీక్షా సంస్థ ఆమోదం ఉన్నదా, ఆ ఆమోదం మీ మోడల్‌కు వర్తిస్తుందా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే కాగితం మీద చూడండి. ఆమోదాలు ఎక్కువగా ఈ కాలపు మోడళ్లకు తీసుకుంటారు గనుక, ఫియట్ 1100 ఆ జాబితాలో లేకపోతే డబ్బు పెట్టకండి. జాబితాలో ఉంటే, అధీకృత కేంద్రంలోనే బిగించి, ఆర్సీలో ఇంధనం మార్పించుకోవాలి. తీసిన ఇంజిన్‌ను మాత్రం తుక్కుకు అమ్మకండి. మీ పిల్లలెవరైనా దానిని మళ్లీ బిగించి వింటేజ్ దరఖాస్తు పెట్టాలనుకుంటే, అదే వారికి ముఖ్యమైన ఆధారం.

ప్రశ్న: మైసూరులో తయారైన 1969 జావా ఒకటి కొన్నాను. ఆర్సీ పోయింది. మొదటి యజమాని చనిపోయారు. నేరుగా వింటేజ్ దరఖాస్తు పెడితే కొత్త కాగితాలు వస్తాయా? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: ద్విచక్ర వాహనాలకూ వింటేజ్ నిబంధనలు వర్తిస్తాయి గాని, మన దేశంలో ఇదివరకు రిజిస్టరైన బండికి పాత ఆర్సీ జతచేయక తప్పదు. అడ్డదారి లేదు. యజమాని వారసులను కలిసి, ఆర్సీ పోయినట్టు పోలీసులకు ఫిర్యాదు ఇప్పించి, ఫారం 26తో డూప్లికేటు, ఫారం 31తో వారి పేరుకు మార్పు, ఆ తరువాత 29, 30 ఫారాలతో మీ పేరుకు బదిలీ వరుసగా చేయించుకోవాలి. 1969 నాటి నమోదు చేతిరాత రిజిస్టర్లలో ఉంటుంది. అది కంప్యూటరులోకి ఎక్కి ఉండకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ కోసం మొదట రిజిస్టరైన ఆఫీసుకే వెళ్లాలి. వెళ్లేటప్పుడు పాత పన్ను రసీదు గాని, బీమా కాగితం గాని ఒక్కటైనా వారసుల ఇంట్లో వెదికించి వెంట తీసుకువెళ్లండి. నంబరుతో పాటు తేదీ కూడా చూపగలిగితే, గుమస్తాకు ఆ పేజీ వెతకడం తేలికవుతుంది.