వేసవి రాత్రి మెరిసే మంచు మబ్బులు

ప్రశ్న: ఓస్లోలో చదువుతున్న మా అమ్మాయి, జూలైలో అర్ధరాత్రి వెండినీలం రంగులో మెరుస్తున్న మబ్బుల ఫోటో పంపింది. అవి మంచు రేణువులనీ, వాటికి విద్యుదావేశం ఉంటుందనీ, రాడారుతో పరిశీలిస్తారనీ అంటోంది. నిజమేనా? మన తీరం నుంచి కనిపిస్తాయా?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: మీ అమ్మాయి చెప్పినదంతా నిజమే. డాల్ఫిన్స్ నోస్ మీదికి కమ్ముకొచ్చే వానమబ్బులు సాధారణంగా 18 కిలోమీటర్ల లోపే ఉంటాయి. ఈ నాక్టిలూసెంట్ (రాత్రి మెరిసే) మేఘాలు మాత్రం సుమారు 83 కిలోమీటర్ల ఎత్తున ఏర్పడతాయి. నేల మీద పొద్దుగుంకినా అక్కడ ఇంకా ఎండ తగులుతూనే ఉంటుంది కనుక చీకట్లో మెరుస్తాయి.

ధ్రువ ప్రాంతాల్లో ఆ ఎత్తు చలికాలంలో కాక వేసవిలోనే అత్యంత చల్లగా, −130 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఉంటుంది. పైకి లేచే గాలి వ్యాకోచించి చల్లబడటమే కారణం; సైకిల్ ట్యూబు వాల్వు నొక్కినప్పుడు వేలికి తగిలే చల్లదనం కూడా ఇలాంటిదే. ఉన్న కొద్దిపాటి నీటియావిరి, మాడిపోయిన ఉల్కల నుంచి మిగిలిన సూక్ష్మధూళి మీద మంచుగా పేరుకుంటుందని శాస్త్రవేత్తల అభిప్రాయం.

చుట్టూ ఉన్న స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు ఈ రేణువులకు అంటుకోవడంతో వాటికి ఋణావేశం వస్తుంది. 1994లో నార్వేలోని ఆండోయా నుంచి ఎగసిన రాకెట్లు ఈ ఆవేశాన్ని నేరుగా కొలిచాయి. బరువైన ఆవేశిత రేణువుల మధ్య చిక్కుకున్న ఎలక్ట్రాన్లు త్వరగా చెదిరిపోలేవు; అందుకే గాలి సుడులు వాటి సాంద్రతలో కలిగించిన హెచ్చుతగ్గులు చాలాసేపు నిలిచి, రాడారుకు బలమైన ప్రతిధ్వనినిస్తాయి.

నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది నార్వేలోనే ట్రోమ్సో దగ్గర చేసిన ప్రయోగం. శక్తిమంతమైన రేడియో తరంగాలతో ఎలక్ట్రాన్లను వేడిచేస్తే, అవి వేగంగా వ్యాపించి హెచ్చుతగ్గులు సమసిపోతాయి; ప్రతిధ్వని ఒక్కసారిగా పడిపోతుంది. వేడి ఆపగానే అది మునుపటి స్థాయిని కూడా మించి పైకి లేచి, ఆపైన మెల్లగా తగ్గుతుంది. వేడిగా ఉన్న సమయంలో రేణువులకు అదనంగా అంటుకున్న ఎలక్ట్రాన్లు వెంటనే విడిపోకపోవడమే దీనికి కారణం. ప్రతిధ్వని తగ్గే తీరును బట్టి, కంటికి ఆనని ఆ రేణువుల పరిమాణాన్నీ ఆవేశాన్నీ అంచనా వేస్తారు.

విశాఖ నుంచి ఈ మబ్బులు కనిపించవు. మన అక్షాంశాల్లో ఆ ఎత్తున అంతటి చలి ఉండదు. అయితే తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్‌జ్ రాడారు, మంచు లేకుండానే, గాలి సుడుల వల్ల 65–85 కిలోమీటర్ల మధ్య నుంచి వచ్చే బలహీనమైన ప్రతిధ్వనులను వింటోంది.