తాటికల్లుకూ వాతావరణం రుచి ఉంటదా?

ఒకే రకం ద్రాక్షతో చేసిన వైన్ ఫ్రాన్స్‌లో ఒక తీరు, నాసిక్‌లో ఇంకో తీరు ఎందుకుంటుంది, మన నల్గొండ దిక్కు కల్లుకూ అట్లాంటి తేడా ఉంటదా అని అడిగారు. తప్పకుండా ఉంటది. కాకపోతే ద్రాక్షలో వాతావరణం పని చాలామటుకు తీగ మీదే అయిపోతుంది, కల్లులో అది లొట్టిలో, అంటే కల్లు పట్టే కుండలో, జరుగుతుంది.

ద్రాక్షకు పులుపునిచ్చేవి ముఖ్యంగా టార్టారిక్, మాలిక్ ఆమ్లాలు. పండే రోజుల్లో వేడి ఎక్కువై, రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే కాయ తన మాలిక్ ఆమ్లాన్ని తానే ఖర్చు చేసుకుంటుంది. తీపి మాత్రం పెరుగుతూ పోతుంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం ఆల్కహాల్ వస్తుంది. అందుకే వేడి ప్రాంతాల వైన్‌లో ఘాటు ఎక్కువ, పులుపు తక్కువ. సోవిన్యాన్ బ్లాంక్ అనే ద్రాక్ష రకం ఫ్రాన్స్‌లోని చల్లటి లోయార్ లోయలో పండితే కోసిన గడ్డి, పచ్చి క్యాప్సికం వాసన వేస్తుంది. ఎండ పెరిగేకొద్దీ అది తగ్గి మగ్గిన పండు వాసన పైకొస్తుంది. నాసిక్ రైతులు వానలు తగ్గాక కొమ్మలు కత్తిరించి జనవరి–మార్చి మధ్య కోసేది చల్లటి రాత్రుల కోసం కూడా.

ఇక కల్లు. చెట్టు నుంచి కారే నీరాలో చక్కెర 10–14 శాతం దాకా ఉంటుంది, పులుపు దాదాపు ఉండదు. లొట్టి అడుగున మిగిలిన మడ్డిలోని ఈస్ట్, బాక్టీరియా మొదటి చుక్క పడ్డప్పటి నుంచే పులియబెట్టే పని మొదలుపెడతాయి. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో దించిన లొట్టి తీయగా, పలచటి నురగతో, నాలుకకు చిన్నగా చురుక్కుమంటుంది. అదే మే నెలలో రాత్రంతా 28 డిగ్రీల పైనుంటే, దించేటప్పటికే నురగ మూతిదాకా పొంగి పులుపు ముక్కుకు తగులుతుంది. పొద్దెక్కి 40 దాటితే ఈస్ట్ నీరసిస్తుంది, వేడికి ఓర్చుకునే బాక్టీరియా పులుపు పెంచుకుంటూ పోతుంది. అట్లాంటి కల్లులో మత్తు కన్నా పులుపే ముందుంటుంది. ఇంకా నిలవుంటే వెనిగర్ దారి పడుతుంది.

మట్టిలొట్టి సంగతి చాలామంది పట్టించుకోరు. మన ఎండాకాలం గాలి పొడి కాబట్టి లొట్టి చెమర్చి లోపలిది కొంత చల్లబడుతుంది. వానాకాలం తేమలో అంత చెమర్చదు. ప్లాస్టిక్ డబ్బాకు ఆ గుణమే లేదు. అందుకే ఎండాకాలం డబ్బాలో తెచ్చిన కల్లు తొందరగా పాడవుతుంది.

తీపి కావాలంటే లొట్టిని వేడినీళ్లతో కడిగి, మడ్డి పూర్తిగా పోయాక లోపల సున్నం పలచగా పూయించండి. పొద్దు పొడవకముందే దించి, వడకట్టి, వెంటనే ఐసులో పెట్టండి. సున్నం మందమైతే నోట్లో సున్నపు రుచి మిగులుతుంది. కొంచెం పులుపు ఇష్టమైతే మడ్డి కాస్త ఉంచితే చాలు, సున్నం వద్దు. వాన పడ్డ రాత్రి దించినది పలచగా ఉంటే చెట్టును తిట్టకండి, మూతి కప్పని లొట్టిలోకి వాననీళ్లు పడ్డాయేమో చూడండి.

ఇదంతా చెట్టుకల్లుకే వర్తిస్తుంది. ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన దానికి కాలమూ లేదు, చెట్టూ లేదు. అది ప్రాణం తీస్తుంది. జనవరిలోనూ మేలోనూ ఒకే రుచి, ఒకే మత్తు ఇస్తున్నదంటే అనుమానించి వదిలేయండి.

ఇంటికి తీసుకెళ్లేటప్పుడు సీసా మూడొంతులే నింపండి. మూత బిగించొద్దు, గుడ్డ కట్టండి. మూత బిగిస్తే, మే ఎండలో గంటసేపు బండి డిక్కీలో ఉంటే గ్యాస్ పట్టి గాజుసీసా పగిలిపోవచ్చు.