బర్డ్ ఫ్లూ రోజుల్లో పెరటి కోళ్ళు: సత్యవతికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి సత్యవతికి పెద్దమ్మ ఆశీస్సులు.

పక్క మండలంలో ఫారం కోళ్ళకి బర్డ్ ఫ్లూ అని తేలిందనీ, మన కోళ్ళని అమ్మేద్దామా, కోసుకు తినేద్దామా అని మీ అత్తగారు అడుగుతున్నారనీ రాశావు. రెండూ వద్దమ్మా. రోగం తేలిన చోటి నుంచి 1 కిలోమీటరు లోపల ఫారం కోడైనా పెరటి కోడైనా ఒక్కటే, పశుసంవర్ధక శాఖ వాళ్ళు అన్నిటినీ చంపి పూడ్చేస్తారు. ఆపైన 10 కిలోమీటర్ల దాకా నిఘా ప్రాంతం, అక్కడ కోళ్ళ, గుడ్ల రవాణాకి కట్టడి ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో పెరవలి మండలం కానూరులోనూ, తణుకు మండలం వేల్పూరులోనూ భోపాల్‌లోని పశురోగాల ల్యాబ్ హెచ్5ఎన్1, అంటే బర్డ్ ఫ్లూ వైరస్ రకం, అని తేల్చినప్పుడూ ఇలాగే చేశారు. మీ ఊరు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉందన్నావు గనక మీది నిఘా ప్రాంతం. అంటే నీ కోళ్ళని కాపాడుకునే వీలు ఇంకా ఉంది.

ముందు ఒకటి మనసులో పెట్టుకో. ఈ రోగం గాలిలో ఎగిరొచ్చి మీ గూట్లో పడడం అరుదు. రెట్టలో, చీమిడిలో, వాటితో తడిసిన బురదలో ఉండి చెప్పులకీ, గంపకీ, గోనెసంచికీ, చేతులకీ అంటుకుని వస్తుంది. కాకుల కన్నా మనుషులే దీన్ని ఎక్కువ దూరం మోస్తారు. అందుకని వల కట్టడంతో పని అయిపోయిందనుకోకు.

రేపటినుంచే కోళ్ళని వదలడం ఆపేయి. నీకు పద్నాలుగు పెట్టలు, రెండు పుంజులు. రాత్రి గూడు పడుకోవడానికి సరిపోతుంది గానీ పగలంతా అందులోనే కుక్కితే మూడో రోజుకల్లా ఈకలు పీక్కుంటాయి, ఒకదాని వెనక ఒకటి పొడిచి రక్తం తీస్తాయి. రక్తం చూస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. కోడికి 4 చదరపు అడుగుల లెక్కన గూటికి ఆనించి 8 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు దడి కట్టించు. అడుగున ఒక అడుగు ఎత్తు ఇటుకో రేకో పెట్టి, ఆ పైన అర అంగుళం కన్ను ఇనుప వల వేయించు. అంగుళం కన్ను వల కాకిని ఆపుతుంది గానీ పిచ్చుక దూరిపోతుంది.

పైకప్పు దగ్గరే అందరూ పొరపాటు చేస్తారు. ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టేసి ఊరుకుంటారు. అది ఎండని ఆపుతుంది, రెట్టని ఆపదు. చెట్టు మీద కొంగో కాకో వాలి రెట్ట వేస్తే వలలోంచి నేరుగా మేత గిన్నెలో పడుతుంది. టార్పాలిన్ గానీ రేకు గానీ వాలుగా వేయించి, నీళ్ళు దడి బయటికి జారేలా చూడు. మధ్యాహ్నం రేకు కాలిపోతుంది కాబట్టి పైన తాటాకు పరిపించు. పక్కలు మాత్రం మూయొద్దు, గాలి ఆడాలి.

నేల మీద మూడు అంగుళాల మందాన వరి ఊక పోసి రెండు రోజులకోసారి తిరగెయ్యి. ఎండకీ ఆరుదలకీ ఈ వైరస్ తొందరగా చస్తుంది. చల్లటి తడి బురదలోనూ, నిలవ నీళ్ళలోనూ వారాల తరబడి బతుకుతుంది. మీ బోరు దగ్గర కాలవ పొంగి గూడు వైపు తడిగా ఉంటుందన్నావు కదా, ఆ నీళ్ళని గూటికి దూరంగా మళ్ళించడం మందుల కన్నా ముందు చేయాల్సిన పని. ఊక మాత్రం ఫారాల నుంచి తెచ్చుకోకు, రైసుమిల్లు నుంచే తెప్పించు. ఫారం నుంచి వచ్చిన పాత మేత సంచులు, గుడ్ల అట్టలు ఇంట్లో ఉంటే ఇవాళే తగలబెట్టెయ్యి.

బాతుల సంగతి వేరే చెప్పాలి. మీ నాలుగు బాతుల్ని కోళ్ళతో కలిపి మూయొద్దు. బాతు ఈ వైరస్‌ని ఒంట్లో పెట్టుకుని, ఏ జబ్బూ కనపడకుండా తిరుగుతూ రెట్టలో వదులుతూనే ఉంటుంది. పైగా అది తాగే నీళ్ళన్నీ బురద చేస్తుంది. వాటికి పెరటికి అవతలి మూల వేరే దడి, వేరే గిన్నె ఉండాలి. కోళ్ళ పని అయ్యాకే వాటి దగ్గరికి వెళ్ళాలి. కోతలయ్యాక చేలల్లోకి దిగే బాతుల మందలు మీ వైపు వస్తాయి, ఆ చేలలో నిలిచిన నీళ్ళ దగ్గరికి మీ బాతుల్ని పోనివ్వకు. చెరువు నీళ్ళు, కాలవ నీళ్ళు కోళ్ళకి పొయ్యొద్దు. నవంబరు నుంచి మార్చి దాకా కొల్లేటికి ఎక్కడెక్కడి పక్షులో వస్తాయి, అవి దిగే నీళ్ళు అవే.

తాగడానికి బోరు నీళ్ళే పోయి. 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్ళలో కలిపి తేర్చి, పైన తేరిన నీళ్ళు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, 10 లీటర్ల నీళ్ళలో వేసి అరగంట ఆగి పెట్టు. చెంచా దాటితే వాసనకి తాగడం మానేస్తాయి. కోడిపిల్లలకి కొక్కెర తెగులు (కోళ్ళకి వచ్చే ఇంకో వైరస్ జబ్బు) రాకుండా నీళ్ళలో లసోటా టీకా ఇచ్చే రోజుల్లో మాత్రం ఇది వెయ్యకు, క్లోరిన్ టీకాని చంపేస్తుంది.

తిరిగే కోడి పురుగో గింజో ఏరుకుని సగం కడుపు నింపుకుంటుంది. మూసిన కోడికి అన్నీ నువ్వే పెట్టాలి. రోజుకి కోడికి 80 గ్రాముల చొప్పున నీ పదహారింటికి సుమారు కిలో మూడొందల గ్రాములు. పది కిలోలకి మొక్కజొన్న నూక 4 కిలోలు, బియ్యం నూకలు 2, తవుడు కిలోన్నర, వేరుశనగ చెక్క 2, గుల్లపిండి అరకిలో కలుపు, వారం పైన వస్తుంది. చెక్క ముక్కవాసన వస్తే వాడొద్దు, ఆ బూజు విషం కోళ్ళ కాలేయాన్ని తినేస్తుంది. మునగాకో తోటకూరో కట్ట కట్టి అవి మెడ చాచి అందుకునేంత ఎత్తులో వేలాడదియ్యి. దాన్ని పొడుచుకుంటూ ఒకదాన్నొకటి పొడవడం తగ్గిస్తాయి. పొద్దున, సాయంత్రం అవి తినేంతే పోయి. గింజ మిగిలితే ఎలుకలూ పిచ్చుకలూ వస్తాయి.

ఇక చెప్పులు. గూటికి ఒక జత వేరుగా పెట్టు, అవి గుమ్మం దాటి ఇంట్లోకి రాకూడదు, వీధి చెప్పులు దడిలోకి పోకూడదు. ఈ ఒక్క అలవాటు సగం రోగాన్ని బయటే నిలబెడుతుంది. దడి ముందు ప్లాస్టిక్ తొట్టిలో 10 లీటర్ల నీళ్ళకి 300 గ్రాముల బ్లీచింగ్ కలిపి, అందులో గోనె మడిచి పెట్టు. ముందు బురద గీకి కడిగి, తర్వాతే అందులో అడుగుపెట్టాలి. బురద ఉంటే మందు బురదతోనే ఖర్చయిపోతుంది, వైరస్ మిగిలిపోతుంది. ఎండకి శక్తి పోతుంది కాబట్టి నీళ్ళు రోజూ మార్చు. అందులో బాత్రూము యాసిడ్ కలిపేవు సుమా, విషవాయువు వస్తుంది. చేతులకి మామూలు సబ్బు చాలు. ఈ వైరస్ చుట్టూ ఉండే కొవ్వు పొరని సబ్బు కరిగించేస్తుంది.

ఊడ్చేటప్పుడు ముక్కుకీ నోటికీ మాస్కు కట్టుకుని, నీళ్ళు చిలకరించి ఊడువు. పొడి రెట్ట దుమ్ము పీల్చకూడదు. పిల్లల్ని దడి దగ్గరికి రానివ్వకు. తీసిన ఎరువు ఒక మూల కుప్ప పోసి టార్పాలిన్ కప్పి ఉంచు. చేపల చెరువులకని ఎవరైనా అడిగినా ఈ కట్టడి ఉన్నన్నాళ్ళూ ఇవ్వొద్దు.

అల్లుడుగారికి నా మాటగా చెప్పు. సంక్రాంతి బరి నుంచి తిరిగొచ్చిన పందెం కోడిని తిన్నగా పాత గూట్లోకి తోలకూడదు. పది ఊళ్ళ కోళ్ళు ఒకచోట చేరి, ఒకదాని నెత్తురు ఒకదానికి అంటిన చోటది. మూడు వారాలు ఇంటికి అవతల వేరే గంప కింద, వేరే గిన్నెతో ఉంచాలి. సంతలో కొన్న కోడికీ, పొదిగేయడానికి ఎవరో ఇచ్చే గుడ్లకీ ఈ రోజుల్లో చోటే లేదు. ఇంటింటికీ తిరిగి టీకాలు వేసే మనిషి వచ్చినా ఇప్పుడు వద్దనండి, మర్యాదగానే. కొక్కెర తెగులు టీకా మంచిదే, కానీ పది గూళ్ళు తిరిగిన చేతులవి.

రోజూ గుడ్ల లెక్క క్యాలెండర్ మీద రాయి. రెండు రోజుల్లో గుడ్లు సగానికి పడినా, తోలుగుడ్లు వచ్చినా, తలా కళ్ళూ వాచినా, నెత్తి మీది ఎర్ర జుట్టూ గొంతు కింది గంటలూ నీలంగా మారినా, కాళ్ళ మీద ఎర్రటి మచ్చలు కనపడినా, ఒక్కరోజులో రెండు కోళ్ళు చచ్చినా ఆగొద్దు. కొక్కెర తెగులుకీ దీనికీ తేడా కంటితో తేల్చలేము, మెడ తిరిగిందా లేదా అని చూసి తేల్చేసేవాళ్ళ మాట నమ్మకు. పశువుల ఆసుపత్రికి కబురు పెట్టు, లేదా 1962కి ఫోన్ చెయ్యి. చచ్చిన కోడిని చేతులకి కవర్లు తొడుక్కుని రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి నీడన పెట్టు. కొయ్యకు, కాలవలో పడెయ్యకు, వాళ్ళు చూసేదాకా పూడ్చకు. మందుల షాపు బిళ్ళలు వైరస్‌ని ఏమీ చెయ్యవు. పరిహారం కూడా శాఖ వాళ్ళు చంపిన కోళ్ళకే ఇస్తారు, చచ్చిపోయినవాటికి ఇవ్వరు. దాచిపెడితే కోళ్ళూ పోతాయి, డబ్బూ పోతుంది.

జబ్బు కోడిని చావకముందే కోసేద్దామన్న ఆలోచన ఎవరికీ రానివ్వకు. ఉడికిన మాంసంలో వైరస్ ఉండదు, 70 డిగ్రీల వేడికి చస్తుంది. ప్రమాదమంతా కోసేటప్పుడూ, ఈకలు పీకేటప్పుడూ, పచ్చిమాంసం ముట్టుకునేటప్పుడూ. 2025 మార్చిలో మంగళగిరి ఎయిమ్స్‌లో పల్నాడు జిల్లా పసిపాప ఒకతె ఈ హెచ్5ఎన్1తోనే పోయింది. ఆరోగ్యంగా ఉన్న కోళ్ళ గుడ్లు పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి తినండి. ఫ్రిజ్‌లో పెడితే వైరస్ చావదు. పిల్లికి పచ్చి పేగులు వెయ్యకు, పిల్లులకీ సోకుతుంది. కోళ్ళు ముట్టుకున్న పది రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే డాక్టరుగారికి కోళ్ళ సంగతి మొదటే చెప్పండి.

శాఖ వాళ్ళు కట్టడి ఎత్తేశాక కూడా ఒకేసారి వదలకు. సాయంత్రం మేత వేళకి ముందు గంట సేపు వదులు, ఆకలితో గూటికి వాటంతటవే వస్తాయి. బాతుల్ని అందరికన్నా చివర వదులు.

గూటి తలుపు కింద బెత్తెడు సందు ఉందన్నావు. అందులోంచి ఎలుకలే కాదు, ముంగిసా దూరుతుంది. వడ్రంగి ఎప్పుడొస్తాడో ఏమో, అందాకా ఇటుక అడ్డం పెట్టు.

మీ
పెద్దమ్మ