ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో స్కూల్ వాలంటీర్‌గా చేరాలనుకుంటున్న చిట్టికి

చిట్టీ,

మాస్టర్స్ చదువుతూ దగ్గర్లోని ప్రైమరీ స్కూల్లో వాలంటీర్‌గా చేరాలని ఉందని రాశావు. మీ అమ్మేమో నిన్న ఫోన్లో "డబ్బు రాని పనికి దాన్నెందుకు ఎగదోస్తావు అక్కా" అని నన్ను తగులుకుంది. ఎగదోసింది నేను కాదన్నాను. నమ్మినట్టు లేదు. లెస్టర్‌లో ఇన్నేళ్లుగా టీచింగ్ అసిస్టెంట్‌గా ఉన్నాను. నీలాంటి వాళ్లు మహా ఉత్సాహంగా రావడం, అసైన్‌మెంట్లు మొదలవగానే చెప్పాపెట్టకుండా మానేయడం చూస్తూనే ఉన్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నీ ఖర్చుల సంగతి తేల్చుకో. అద్దె కట్టడానికి పార్ట్‌టైమ్ జీతమే దిక్కయితే ఆ షిఫ్టులు కుదిరాకే స్కూల్ మాట ఎత్తు. ఆ తర్వాత కూడా వారానికి ఒక్క పూటే ఒప్పుకో. రోజూ వస్తానని చెప్పి రెండోవారంలో ఎగ్గొట్టే మనిషికన్నా, ప్రతి మంగళవారం తొమ్మిదిన్నరకి వచ్చి గంటన్నర కూర్చుని వెళ్లే మనిషే మాకు కావాలి. టీచరు నీకోసం పిల్లల జాబితా రాసి పెట్టుకుంటుంది. ఆరేళ్ల పిల్ల ఆ మంగళవారం నీకు చదివి వినిపించాలని పొద్దున్నించీ చూస్తుంటుంది. జనవరిలో పరీక్షలుంటే అప్పుడు రాలేనని అక్టోబరులోనే చెప్పెయ్యి, ఎవరూ ఏమీ అనుకోరు.

వీసా సంగతి జాగ్రత్త. డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్లకి టర్మ్‌లో, అంటే చదువు నడిచే నెలల్లో, వారానికి 20 గంటలే పని అని నీకు తెలుసు. ఆ వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. జీతం లేదు కదా, లెక్కలోకి రాదు అనుకోకు. కాంట్రాక్టు రాయించుకుని, ఉద్యోగి చేయాల్సిన పని నీచేత చేయిస్తే, పైసా ఇవ్వకపోయినా అది ఆ 20 గంటల్లోకే వస్తుంది. ప్రభుత్వ స్కూల్లోనో ఛారిటీలోనో కాంట్రాక్టు లేకుండా, ఎవరి ఉద్యోగానికీ బదులు కాకుండా సాయం చేస్తే మాత్రం రాదు. బస్సు చార్జీలు తీసుకోవచ్చు. ట్యూషన్ సెంటర్ల వాళ్లు "ముందు ఉచితంగా చెయ్యి, తర్వాత చూద్దాం" అంటే వెళ్లకు. అది వ్యాపారం. ఇంకోటి, చాలా యూనివర్సిటీల్లో మాస్టర్స్ వాళ్లకి డిసర్టేషన్ రాసే వేసవి కూడా టర్మ్ కిందికే వస్తుంది. సందేహం ఉంటే మీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకో.

స్కూల్ ఒప్పుకున్నాక డీబీఎస్ చెక్ పెడతారు. నేరచరిత్ర ఏమీ లేదని చూసుకోవడమన్నమాట. వాలంటీర్లకి డీబీఎస్ ఫీజు లేదు. పాస్‌పోర్టు, ఈవీసా, నీ పేరుతో ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటు సిద్ధంగా పెట్టుకో. మొన్నటిదాకా ఇండియాలో ఉన్నావు కాబట్టి అక్కడి పోలీస్ క్లియరెన్స్ కూడా అడగొచ్చు. ఇదంతా కొన్ని వారాలు పడుతుంది. సర్టిఫికెట్ మీదున్న తేదీ నుంచి 30 రోజుల్లోపు అప్‌డేట్ సర్వీసులో చేరిపో, అదే సర్టిఫికెట్ ఇంకోచోట కూడా చెల్లేలా చూసే ఏర్పాటది, వాలంటీర్లకి అదీ ఉచితమే. చాలామంది మర్చిపోయి తర్వాత మళ్లీ మొదటినించీ తిప్పలు పడతారు. గ్లాస్గోలో ఉన్న నీ స్నేహితురాలికి ఇవేవీ పనికిరావు, స్కాట్లాండ్‌లో పీవీజీ అని వేరే పద్ధతి.

స్కూల్‌కి ఫోన్ చేసేటప్పుడు పిల్లలు వచ్చే వేళా, వెళ్లే వేళా వద్దు. పది, పదకొండు మధ్య చెయ్యి. పెద్ద సీవీ పంపకు. ఏ రోజు, ఏ వేళ రాగలవో, ఏ నెలదాకా ఉంటావో మూడు ముక్కల్లో చెప్పు. ఎవరూ పలక్కపోతే మీ స్టూడెంట్స్ యూనియన్‌లో వాలంటీరింగ్ చూసేవాళ్లని అడుగు. ఇంజినీరింగ్ దానివి కాబట్టి స్కూళ్లకి వెళ్లి సైన్సు, ఇంజినీరింగ్ గురించి చెప్పే స్టెమ్ అంబాసిడర్ల పథకంలో కూడా చేరొచ్చు, కానీ అది అప్పుడప్పుడూ వెళ్లి చెప్పొచ్చే వ్యవహారం. నువ్వడిగింది అది కాదనుకుంటా.

ఇక అసలు పని. నీకు ఇచ్చేది పాఠం చెప్పే పని కాదు, వినే పని. ఇయర్ వన్, ఇయర్ టూ పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పది నిమిషాలు పుస్తకం చదువుతారు. మీ తాతయ్య ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు మాత్రం కూర్చోకు! మనకి ఆగడం చేతకాదు. పిల్ల ఒక్క మాట దగ్గర తడబడితే చాలు, నోటికి అందించేస్తాం. మనసులో ఐదు లెక్కపెట్టుకో. అప్పటికీ రాకపోతే మొదటి అక్షరం మీద వేలు పెట్టి చూపించు. చదవడం అయ్యాక కథ గురించి ఒక్క ప్రశ్న అడుగు, పిల్ల ఎలా చదివిందో రాసే పుస్తకం, రీడింగ్ రికార్డులో ఒక్క వాక్యం రాయి.

ఇక్కడ అక్షరం పేరు కాదు, శబ్దం నేర్పుతారు. దీన్ని ఫోనిక్స్ అంటారు. S అక్షరాన్ని 'ఎస్' అనరు, 'స్స్స్' అంటారు. మన నాలుకకి చివర ఉకారం తగిలించే అలవాటు. 'సు', 'ము', 'టు' అనేస్తాం. అలా చెబితే పిల్లలు శబ్దాలు కలుపుకోలేరు. అద్దం ముందు నాలుగు రోజులు సాధన చెయ్యి. ఇయర్ వన్ వాళ్లకి జూన్‌లో ఫోనిక్స్ పరీక్ష ఉంటుంది, 2012 నుంచీ పెడుతున్నారు. 40 మాటల్లో సగం అర్థంలేనివే. పక్కన వింత జీవి బొమ్మ ఉంటుంది, పిల్లలు వాటిని ఏలియన్ వర్డ్స్ అంటారు. వాటిని సాధన చేసేటప్పుడు "అలాంటి మాట లేదమ్మా" అని సరిదిద్దకు. శబ్దాలు చూసి చదవగలుగుతున్నారా లేదా అన్నదే అక్కడ చూసేది. నీ ఉచ్చారణ చూసి పిల్లలే నిన్ను సరిదిద్దితే థాంక్యూ చెప్పి ముందుకెళ్లు. నన్ను ఇప్పటికీ సరిదిద్దుతారు.

కొన్ని అలవాట్లు గేటు బయటే వదిలెయ్యాలి. బుగ్గలు గిల్లడం, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, చాక్లెట్లు పంచడం వద్దు. ఎవరికి ఏ నట్ అలర్జీ ఉందో నీకు తెలియదు. ఫోన్ బ్యాగులో ఉండాలి. ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెడితే ఆ రోజే నీకు ఆఖరి రోజు. "ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తాను" అని పిల్లలెవరైనా అంటే ఒట్టు వెయ్యకు. శ్రద్ధగా విను, గుచ్చిగుచ్చి అడగకు. పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసి, స్కూల్లో పిల్లల భద్రత చూసే సేఫ్‌గార్డింగ్ లీడ్‌కి అదే రోజు, ఇంటికెళ్లకముందే ఇవ్వు. వాళ్ల ఫోటో రిసెప్షన్‌లో ఉంటుంది, మొదటి రోజే చూసిపెట్టుకో.

మనవాళ్ల పిల్లలు తగలడం ఖాయం. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల కొన్ని నెలలు నోరు విప్పకపోవచ్చు. ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కారణం అనుకోకు, వింటూ పోగేసుకుంటుంటారు. నువ్వు తెలుగులో ఒక్క మాట అంటే ముఖం విప్పారుతుంది. ఐతే టీచర్ని అడిగే మాట్లాడు. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. ఆ పిల్ల వాళ్లమ్మ ఉగాది ఫంక్షన్‌లో నిన్ను పట్టుకుని, "మా పాప ఎలా ఉంది, పక్క పిల్లాడు ఏ లెవెల్లో ఉన్నాడు" అని అడుగుతుంది. పులిహోర ప్లేటు చేతికిచ్చి మరీ అడుగుతుంది. "టీచర్ని అడగండక్కా" అనెయ్యి. నీకు పొగరని అనుకుంటారు, అనుకోనీ. ఒక ఇంటికి చెప్పిన మాట సాయంత్రానికి తెలుగు గ్రూపులన్నిటికీ పాకుతుంది, నష్టపోయేది ఆ పిల్లలే. స్కూల్‌కీ తల్లిదండ్రులకీ మధ్య దుబాసీగా కూడా నీ అంతట నువ్వు దూరకు. స్కూల్ అడిగితే సరే.

మానేసే తేదీ టీచర్‌కి నెల ముందే చెప్పు, పిల్లలకి ఆవిడే చెబుతుంది. రిఫరెన్సు కావాలంటే జూన్‌లోనే అడుగు. జూలై మూడో నాలుగో వారంలో స్కూళ్లు మూస్తే ఆరు వారాలదాకా ఆ ఈమెయిళ్లు చూసేవాళ్లు ఉండరు. ఈలోగా మీ అమ్మకి నువ్వే ఫోన్ చేసి, వారానికి ఒక్క పూటేనని చెప్పు. నేను చెబితే వినదు.

పెద్దమ్మ