గొడవలున్న దేశానికి అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్ళొచ్చా?

చెల్లె, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వచ్చే నెల విదేశీ టూరు. ఇద్దరు పిల్లలు, అమ్మానాన్నలు తోడు. నాన్నగారికి బైపాస్ అయి రెండేళ్ళు. డబ్బులు కట్టేశారు. ఇప్పుడేమో ఆ దేశ రాజధానిలో వారం నుంచి ధర్నాలు, టియర్ గ్యాస్. ఏజెంటు మాత్రం "టూరిస్టులను ఎవరూ ఏమనరు, పోయి రండి" అంటున్నాడు. ఇదే మాట 2025 సెప్టెంబరులో మాకూ ఒక ఏజెంటు చెప్పాడు. అప్పుడు మేం నేపాల్‌లో, పోఖరాలో ఉన్నాం. అమ్మ, నా భార్య, ఆరేళ్ళ పాప, నేను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

దానికంటే ముందు మన దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. మాది హన్మకొండ. 2011లో సకల జనుల సమ్మె మీకూ గుర్తుండే ఉంటుంది. సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు నడిచింది. ఆర్టీసీ బస్సులు ఆగాయి, సింగరేణిలో బొగ్గు ఆగింది, బడులు మూతపడ్డాయి, మధ్యమధ్యలో రైల్ రోకోలు. అమెరికాలో ఉండే మా పెద్దనాన్న కొడుకు ఆ దసరాకు పిల్లలతో వస్తూ ఫోన్ చేశాడు. "వరంగల్ సేఫేనా తమ్మీ?" అన్నాడు. "మన గల్లీలో నిన్నెవరేమంటారన్నా, రా" అన్నాను. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ శంషాబాద్‌లో దిగి కార్లో వస్తుంటే జనగామ దగ్గర రోడ్డు మీదనే వంటావార్పు. నాలుగు గంటలు కదల్లేదు. అక్కడివాళ్ళు మా అన్న పిల్లలను పిలిచి విస్తట్లో పప్పన్నం పెట్టారు, నీళ్ళిచ్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అయితే ఏడాది నిండని చిన్నోడి పాలడబ్బా ఇంకో కారులో పోయిన సామానులో ఉంది. వాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి పడుకున్నాడు. ఇంటికొచ్చాక వదిన నన్ను ఒకే మాట అడిగింది: "సేఫ్ అన్నవ్ సరే, తొవ్వ ఎట్లుందో ఎందుకు చెప్పలే?"

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. గొడవలున్న చోట మనకు ఎవరైనా హాని చేస్తారా అన్నది ఒక ప్రశ్న. ఎక్కడన్నా ఇరుక్కుపోతామా అన్నది ఇంకో ప్రశ్న. "సేఫేనా?" అని అడిగితే అందరూ మొదటిదానికే జవాబు చెప్తారు. పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్న కుటుంబానికి ఎక్కువసార్లు ఎదురయ్యేది రెండోది. 2008 నవంబరులో బ్యాంకాక్‌లో ఇదే జరిగింది. ఊళ్ళో చాలా చోట్ల రోజువారీ జీవితం నడుస్తూనే ఉంది, కానీ ఆందోళనకారులు సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌లోనే బైఠాయించారు. వారానికి పైగా విమానాల్లేవు. వేలాది టూరిస్టులు ఏ దెబ్బా తగలకుండానే చిక్కుకుపోయారు.

ఇక మా సంగతి. 2025లో వినాయక నవరాత్రుల్లోనే బయల్దేరి సెప్టెంబరు 3న కాఠ్మాండూలో దిగాం. అమ్మకు పశుపతినాథ్ దర్శనం ఎన్నో ఏళ్ళ కోరిక. దర్శనం బాగా జరిగింది. ఐదో తారీఖు పొద్దున నుంచి వాట్సాప్ కాల్ కలవలేదు. హోటల్ వైఫై బాగాలేదనుకుని రెండుసార్లు రిసెప్షన్‌కు పోయి అడిగాను. రిజిస్టర్ చేసుకోలేదని ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ సహా 26 యాప్‌లను ఆపేయమని అక్కడి ప్రభుత్వం ముందు రోజే ఆదేశించిందట. ఆ సంగతి తెలిసి కూడా "మనకెందుకులే" అనుకుని ఆరో తారీఖు పోఖరాకు పోయాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. యువతకు రోజంతా చేతిలో ఉండే వస్తువును ఒక ప్రభుత్వం ఒక్కసారిగా లాక్కుందంటే అక్కడ ఏదో జరగబోతున్నట్టే. ఆ రోజే టికెట్ మార్చుకుని ఉంటే ఏడో తారీఖుకల్లా ఇంట్లో ఉండేవాళ్ళం.

ఏడున చంద్రగ్రహణం. అమ్మ గది దాటనివ్వలేదు. ఎనిమిదో తారీఖు సోమవారం ఫేవా సరస్సులో పడవ ఎక్కి వచ్చేసరికి హోటల్ వాళ్ళంతా టీవీ ముందు నిలబడి ఉన్నారు. యాప్‌లు ఆపేసినందుకు రోడ్డెక్కిన యువత మీద కాఠ్మాండూలో పార్లమెంటు దగ్గర పోలీసుల కాల్పులు. ఆ ఒక్క రోజే దేశంలో 19 మంది చనిపోయారు, ఎక్కువమంది చదువుకునే పిల్లలు. మా ప్లాన్ ప్రకారం తొమ్మిదిన కార్లో కాఠ్మాండూకు, పదిన ఫ్లైట్. ఏజెంటుకు ఫోన్ చేస్తే "ఏం కాదు సార్, పొద్దున్నే బయల్దేరండి" అన్నాడు. డ్రైవర్ కూడా రెడీ. రిసెప్షన్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాడు ఉన్నాడు. వాళ్ళన్న కాఠ్మాండూలో ఎయిర్‌పోర్ట్‌కు దగ్గర్లో ఉంటాడని మాటల్లో తెలిసింది. "మీ అన్నకు ఒకసారి ఫోన్ చేయవా? రేపు ఆయన పనికి పోతాడా? పిల్లలను బడికి పంపుతాడా? ఇంతే అడుగు" అన్నాను. వాడు మాట్లాడి ఫోన్ పెట్టేసి తల అడ్డంగా ఊపాడు. రోడ్ల మీద టైర్లు కాలుతున్నాయట, రేపు ఎవరూ గడప దాటరట. అప్పుడే కారు క్యాన్సిల్ చేశాను.

తెల్లారి ప్రధాని ఓలీ రాజీనామా చేశాడు. పార్లమెంటు, ప్రభుత్వ కార్యాలయాలుండే సింహ దర్బార్, సుప్రీంకోర్టు తగలబడ్డాయి. ఎయిర్‌పోర్ట్ మూసేశారు, మళ్ళీ తెరిచింది పదో తారీఖు సాయంత్రం. మా ఫ్లైట్ ఎట్లాగూ పోయింది. మేం ఆ రోజు కారెక్కి ఉంటే సగం దారిలో, ఆ కొండ రోడ్డు మీద, అమ్మతో, పాపతో ఆగిపోయేవాళ్ళం.

పోఖరా ప్రశాంతంగా ఉందని కాదు. అక్కడా ఊళ్ళో నుంచి పొగ లేచింది, కర్ఫ్యూ పెట్టారు. మా హోటల్ గల్లీ లోపల ఉండే చిన్నది. ఓనర్ కుటుంబం కింది అంతస్తులోనే ఉండేది. షట్టర్ దించి, బోర్డు లైటు ఆర్పేసి, వాళ్ళ వంటింట్లోనే మాకూ వండిపెట్టారు. అప్పుడు వంద కంటే పెద్ద మన నోట్లు అక్కడ చెల్లేవి కావు. మా ఆవిడ వంద నోట్ల కట్ట ఒకటి చీరల మధ్య దాచింది. ఏటీఎంలు మూసి ఉన్న రోజుల్లో మాకు పాలు, బిస్కెట్లు, మందులు అన్నీ దాంతోనే.

మందుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో గుండె ఆపరేషన్ అయిన మనిషి ఉన్నారు. అమ్మకు ఇన్సులిన్. పొద్దున 20 యూనిట్లు, రాత్రి 14. ఎనిమిది రోజుల టూరు కదా అని పది రోజుల మందు తెచ్చాం, జాగ్రత్తపడ్డామనే అనుకున్నాం. పదకొండో తారీఖు పొద్దున పెన్ను వెలుతురుకు పట్టి చూస్తే మిగిలింది 70 లోపే. రెండు రోజులు. ఆ గీతలు లెక్కపెడుతుంటే నా చేతులు వణికాయి, అమ్మ మాత్రం "నేను అన్నం తగ్గిస్త తీ" అంటోంది. కర్ఫ్యూ సడలించిన వేళ మెడికల్ షాపు షట్టర్ సగం ఎత్తి ఉంటే వంగి లోపలికి పోయాను. మేం వాడే కంపెనీది లేదు. అదే రకం మందు ఇంకో కంపెనీది ఉంది కానీ ఆ క్యాట్రిడ్జ్ మా పెన్నులో పట్టదు. చివరికి సీసాలో వచ్చేది, దానికి సరిపోయే సిరంజీలు తీసుకుని, హన్మకొండలో అమ్మను చూసే డాక్టర్‌కు ఫొటో పంపి, ఆయన సరే అన్నాకే వేశాం. వాట్సాప్ అప్పటికి మళ్ళీ వచ్చింది కాబట్టి సరిపోయింది. 2024 జులైలో బంగ్లాదేశ్‌లో చేసినట్టు ఇంటర్నెట్టే మొత్తం ఆపేసి ఉంటే ఏం చేసేవాళ్ళమో తలుచుకుంటేనే భయం వేస్తుంది.

పన్నెండున సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు, కర్ఫ్యూ సడలింది. ఎయిర్‌పోర్ట్‌లో రద్దీ ఎక్కువగా ఉందని విని మేం పదమూడున తెల్లవారుజామున కార్లో సునౌలి సరిహద్దుకు, అక్కడి నుంచి గోరఖ్‌పూర్ వచ్చి రైలెక్కాం. సునౌలి గేటు దాటగానే అమ్మ ఇంటికి ఫోన్ చేసి తులసి చెట్టుకు నీళ్ళు పోస్తున్నారా అని అడిగింది. పాప అప్పటికి నిద్రపోయింది. నేను మాత్రం కాసేపు మాట్లాడలేకపోయాను.

నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు, రోడ్డు మీదుగా బయటపడే దారి ఉంది. మీరు పోయే దేశానికి అట్లాంటి రెండో దారి ఉందా? శ్రీలంక లాంటి ద్వీపమైతే దాదాపుగా విమానమే గతి. 2022లో అక్కడ పెట్రోలే దొరకలేదు. ప్రైవేటు బండ్లకు కొన్నాళ్ళు అమ్మకాలే ఆపేశారు. ఎయిర్‌పోర్ట్ తెరిచి ఉన్నా అక్కడిదాకా పోయే బండి కూడా ఉండాలి కదా.

"టూరిస్టులను ఏమనరు" అన్న మాట గురించి కూడా చెప్తాను. చాలావరకు నిజమే. కానీ కాఠ్మాండూలో పెద్ద పెద్ద హోటళ్ళకు నిప్పు పెట్టారు. అట్లాంటి ఒక హోటల్ పై అంతస్తు నుంచి తప్పించుకునే ప్రయత్నంలో మన దేశం నుంచి పోయిన ఒక అమ్మ చనిపోయింది. ఆమెను ఎవరూ లక్ష్యం చేసుకోలేదు, ఆమె ఉన్న భవనాన్ని చేసుకున్నారు. మీ ప్యాకేజీలో హోటల్ ఎక్కడుందో మ్యాప్‌లో చూడండి. పార్లమెంటు, మంత్రుల ఇళ్ళు, పెద్ద చౌరస్తాల పక్కన ఉంటే మార్చమనండి. ఎన్ని స్టార్లు ఉన్నా సరే. నాన్నగారు మెట్లు దిగాల్సి వస్తే ఎన్ని దిగగలరో దాన్నిబట్టి అంతస్తు అడగండి.

వార్తలు చూసి నిర్ణయించుకోకండి. టీవీలో ఒకే కాలే బస్సును రోజంతా చూపిస్తారు. మన విదేశాంగ శాఖ ప్రకటన ఏ మాట వాడుతోందో చూడండి. "జాగ్రత్తగా ఉండండి" అనడం వేరు, "ప్రయాణం వాయిదా వేసుకోండి" అనడం వేరు. నేపాల్ విషయంలో ఒక్క రోజులోనే మాట మారింది. వాయిదా వేసుకోమన్నారంటే ఇంకెవరినీ అడగొద్దు, ఆగిపోండి. ఆ మాట రాకముందు, అక్కడ ఉండే మనవాళ్ళను పట్టుకోండి. కరీంనగర్ నుంచి ప్రతి దేశంలో ఎవరో ఒకరు ఉంటారు. బడులు నడుస్తున్నాయా, పొద్దున పాలు వస్తున్నాయా, రాత్రి ఎయిర్‌పోర్ట్‌కు టాక్సీ దొరుకుతుందా అని అడగండి. మీరుండే రోజుల్లో ఎన్నికలో, పెద్ద కోర్టు తీర్పో, ఎవరైనా బంద్ పిలుపో ఉందేమో కూడా అడగండి. మన దగ్గర కూడా లొల్లి ఏ రోజు ముదురుతుందో వారం ముందే తెలిసేది కదా.

డబ్బుల విషయం: ఫ్లైట్ మీరే క్యాన్సిల్ చేస్తే కోత పడుతుంది. పరిస్థితి ముదిరితే చాలాసార్లు విమాన సంస్థలే తేదీ ఉచితంగా మార్చుకోనిస్తాయి, రద్దు చేస్తే డబ్బు వాపసిస్తాయి. అందుకని టికెట్‌ను చివరి గడువు దాకా ఆపి, హోటల్, ప్యాకేజీ తేదీలు మాత్రం ఇప్పుడే మార్చమని అడగండి. గొడవలు మొదలయ్యాక కొన్న ఇన్సూరెన్స్‌లో ఆ గొడవల వల్ల వచ్చే నష్టం చాలా పాలసీల్లో రాదు. పాలసీ కాగితం తెప్పించుకుని ఆ పేరా చదవండి.

ఇక మీకు సూటిగా నా మాట. మీరిద్దరే అయితే రెండు వారాలు చూసి వెళ్ళమనేవాణ్ణి. నాన్నగారితో అయితే, రాజధానిలో కర్ఫ్యూ ఒక్క రాత్రి పెట్టినా, ఇంటర్నెట్ మీద ఒక్క ఆంక్ష వచ్చినా మానేయండి. కట్టిన డబ్బు పోతే పోయింది. రెండూ లేకుండా నెల రోజులు గడిస్తే పోయి రండి, కానీ నాన్నగారి మందులు టూరు రోజులకు రెండింతలు, సగం మీ చేతి సంచిలో, సగం అమ్మ దగ్గర. డాక్టర్ చీటీ మీద మందు అసలు పేరు రాయించండి, కంపెనీ పేరు ఒక్కటే ఉంటే అక్కడ దొరకదు. పాస్‌పోర్ట్, టికెట్, మన రాయబార కార్యాలయం నంబరు, ఢిల్లీలో తెలంగాణ భవన్ నంబరు కాగితం మీద రాసి ఒక్కొక్కరి జేబులో పెట్టండి. నేపాల్ గొడవల రోజుల్లో తెలంగాణ భవన్‌లో మనవాళ్ళ కోసం హెల్ప్‌లైన్ పెట్టారు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానమే పంపింది. ఫోన్ చార్జింగ్ లేకపోతే ఆ నంబర్లు కాగితం మీదనే ఉండాలి.

మీరు ఏ దేశమో, ఏ ఊళ్ళో దిగుతున్నారో ప్రశ్నలో రాయలేదు. హోటల్ నుంచి ఎయిర్‌పోర్ట్ ఎంత దూరమో, నాన్నగారు రక్తం పలచబడే మందు వాడుతున్నారో లేదో కూడా రాయండి. రాత్రి డ్యూటీ అయ్యాక చూసి జవాబిస్తాను.