పుస్తకాలు చదివి ఫొటోగ్రఫీ నేర్చుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఈమధ్య సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా కొనుక్కుని, నాలుగు ఇంగ్లిష్ పుస్తకాలు ముందు పెట్టుకుని ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నాడు. పుస్తకాలతో ఈ విద్య వస్తుందా? డబ్బు కట్టి కోర్సులో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: తప్పకుండా వస్తుంది. ఇప్పటికిప్పుడు కోర్సుకు డబ్బు కట్టనవసరం లేదు. అయితే నాలుగు పుస్తకాలనూ ఒకేసారి తిరగేస్తే మాత్రం ఏదీ ఒంటబట్టదు. మూడింటిని బీరువాలో పెట్టి, ఒక్కదాన్నే చేతిలో ఉంచుకోమని చెప్పండి. దానికన్నా ముందు చదవవలసింది కెమెరాతో వచ్చే మాన్యువల్. పాత కెమెరాతో అది రాకపోతే తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో సాధారణంగా ఉచితంగానే దొరుకుతుంది.

ఫొటోగ్రఫీలో తొలి మెట్టు వెలుతురును లెక్కగట్టడం. ఇది పుస్తకం చక్కగా నేర్పగలిగిన భాగం, ఇంజినీరింగ్ విద్యార్థికి సులువుగా అందేది కూడా. లెన్స్ అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) అంకెలు 2.8, 4, 5.6, 8, 11, 16 అని సాగుతాయి. వీటి ముందు ‘ఎఫ్’ అని రాస్తారు. ఈ వరుసలో ఒక్కో మెట్టు ముందుకు జరిగినప్పుడల్లా లోపలికి వచ్చే వెలుతురు సగానికి తగ్గుతుంది. కాబట్టి ఎఫ్ 8 దగ్గర సెకనులో 125వ వంతు సేపు షట్టర్ తెరిచినా, ఎఫ్ 5.6 దగ్గర 250వ వంతు సేపు తెరిచినా బొమ్మను పట్టే సెన్సర్‌పై పడే వెలుతురు ఒక్కటే. మారేది బొమ్మ తీరు: మొదటిదానిలో వెనకనున్న వస్తువులు కాస్త స్పష్టంగా కనిపిస్తాయి, రెండోదానిలో కదలిక మరింత నిలిచిపోతుంది. ఈ రెండింటిలో తనకు ఏది కావాలో తెలిసి ఎంచుకునే దశకు చేరడమే మీ అబ్బాయికి మొదటి ఆరు నెలల పని.

ఎండ బాగా కాస్తున్నప్పుడు ఎఫ్ 16 పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు ఫిల్మ్ లేదా సెన్సర్ స్పందించే స్థాయి) 100 అయితే షట్టర్‌ను 100వ వంతు లేదా 125వ వంతు దగ్గర ఉంచాలన్న సూత్రం ఫిల్మ్ కాలం నాటిది. మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి పరీక్షిస్తే అది నేటి డిజిటల్ కెమెరాలోనూ పనిచేస్తుందని తనకే తెలుస్తుంది. అందుకే జిల్లా గ్రంథాలయంలో ఫిల్మ్ కాలం నాటి పుస్తకం కనిపించినా వదలవద్దు. డార్క్‌రూమ్ (ఫిల్మ్ కడిగే చీకటి గది) అధ్యాయాలను దాటవేస్తే మిగిలినది నేటికీ చెల్లుతుంది.

చదివే పద్ధతి గురించి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. వారానికి ఒక అధ్యాయం చాలు, కానీ అది చదువుతున్నంతసేపూ కెమెరా పక్కనే ఉండాలి. ఇంట్లోని ఇత్తడి చెంబును కిటికీ పక్కన పెట్టి, ఉదయం ఏడింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఐదింటికి మాన్యువల్ మోడ్‌లో, అంటే సెట్టింగులన్నీ తానే పెట్టుకుని, తీయమనండి. షట్టర్ నొక్కేముందే, ఈ సెట్టింగ్‌తో బొమ్మ ఎలా వస్తుందనుకుంటున్నాడో నోటుపుస్తకంలో రాసి, తర్వాత సరిపోల్చుకోవాలి. సెట్టింగులను కెమెరా ఎలాగూ ఫైల్‌లో నమోదు చేస్తుంది. అవి ఎందుకు ఎంచుకున్నాడో మాత్రం తానే రాసుకోవాలి. నా అనుభవంలో, పుస్తకంతో నేర్చుకుని నిలబడిన పిల్లలందరి దగ్గరా ఇలాంటి నోటుపుస్తకం కనిపించింది.

పుస్తకం ఇవ్వలేనిది, మన బొమ్మను చూసి తప్పు చెప్పే మనిషి. మనుషుల ఎదుట నిలబడి, వారి బెరుకు పోగొట్టి ఫొటో తీయడం కూడా కాగితం మీద పట్టుబడదు. అందుకని ఆరు నెలల తర్వాత మీ ఊళ్లో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే అనుభవజ్ఞుడి దగ్గరికి ఇరవై బొమ్మలతో పంపండి. ఆయన ఒప్పుకుంటే సెలవుల్లో రెండు శుభకార్యాలకు లైట్లు పట్టుకుని వెంట తిరగనివ్వండి.

చదువు దెబ్బతింటుందన్న బెంగ మీకుంటే రాజా దీన్‌దయాళ్‌ను తలుచుకోండి. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా ప్రభుత్వ కొలువు చేస్తూనే ఆయన కెమెరా పట్టారు. ఆ తర్వాతే హైదరాబాద్‌లో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. మీ అబ్బాయి కూడా డిగ్రీ పూర్తిచేసుకుంటూ వారానికి ఐదారు గంటలు దీనికి కేటాయించవచ్చు, పరీక్షల నెలలో ఆపవచ్చు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉన్న మాట నిజమే కానీ, సరదాగా మొదలైన అభ్యాసం కోసం సగంలో ఉన్న ఇంజినీరింగ్‌ను వదిలి అటు వెళ్లమని నేను చెప్పను.

ఒకవేళ కొత్త లెన్స్ కావాలని అడిగితే, ముందు ఆ నోటుపుస్తకం తెమ్మనండి. ఉన్న కిట్ లెన్స్‌తో (కెమెరాతోపాటే వచ్చే మామూలు లెన్స్) ఏ బొమ్మ తీయలేకపోయాడో అందులో రాసి చూపించగలిగితే, అప్పుడు కొనివ్వండి.